ఛత్తా బజార్‌ల ఆకురాలు కాలం

రవళిక డైరీల రాసుకొచ్చింది:
"రేపటికి ఇరవై ఆకులు, రంగు కాగితంతోని.
ఎరుపు, నారింజ, పసుపు. ఆకుపచ్చ వద్దు."
ఆకులకు ఆకుపచ్చ వద్దట.
రెండుసార్లు చదివిన.

బయట ముసురు.
చాదర్‌ఘాట్ కింద మోకాలిలోతు నీళ్లు,
గోడమీది నాచు సుత పచ్చగ ఉబ్బి ఉన్నది.
మా గల్లీల ఆకులు రాలేది శివరాత్రి ముంగట,
ఆశ్వయుజంల ఎవరు రాలుతరు?

"ఇది ఆటమ్ అట నాన్నా, ఫిలోమినా టీచర్ చెప్పింది."
"అంటే?"
"చెట్లు రంగు మార్చుకునే నెల. ఉంటదట."
"ఎక్కడ?"
కొంచెం సేపు ఆలోచించి అన్నది:
"పుస్తకంల."

నాకు కాగితానికి కరువు లేదు.
పదహారేండ్లాయె కటింగ్ మిషన్ మీద,
లగ్గం పత్రికల అంచులు కోసుడే పని.
దీపాలు పెట్టే యాళ్లకు మిషన్ కాళ్లకాడ నడుం లోతు కుప్ప:
కుంకుమ రంగువి, జరీ మెరుపువి,
అత్తరు వాసన కొట్టేటివి,
ముహూర్తం తప్పు పడి పక్కకేసిన కట్ట ఒకటి.
రద్దీ ఆయన కిలోల లెక్కన తూకమేసి పట్కపోతడు.

ఖదీర్ భాయ్ అడగకముందే సంచి నింపి పెట్టిండు.
"బిడ్డకా? ఎర్రటివే ఏరిన.
పోయిన వారం షాదీవి, మంచి కాగజ్."

చిక్కంత ఆకు కాడనే వచ్చింది.
డైరీల బొమ్మకు అయిదు మొనలు,
ఎవరో అరచెయ్యి చాపి ఆగు అన్నట్టు.
మామిడి కాదు. వేప కాదు. రావి అసలే కాదు.
పొయ్యికాడి నుంచే అన్నది మా ఇంటామె:
"ఆముదపాకు లెక్క లేదూ?"

గొడుగేసుకొని మూసీ గోడ దాక పోయిన.
చెత్తకుప్ప ఎనుక నా ఎత్తుకు పెరిగింది ఆముదం,
ఎవరు నాటిండ్రని, ఎవరు నీళ్లు పోసిండ్రని.
ఒకటి తుంచి అంగీల దాచుకొని వచ్చిన.
ఇంట్ల లెక్కపెడితే ఎనిమిది మొనలు.
మూడు లోపలికి మడిచినం.

మిషన్ ఒక్క దెబ్బకు అయిదొందల కాగితాలు తెగుతయి.
నా చేతికి తెలిసింది సూటి గీతనే.
వంకర తిరిగే కాడ కత్తెర వణికింది,
రెండు ఆకులకు మొనలే పోయినయి.
"అట్ల కాదు నాన్నా,
కత్తెర తిప్పొద్దు, కాగితం తిప్పాలె."
తొమ్మిదేండ్ల పిల్ల చెప్పింది.
తిప్పిన. తెగింది.

ఒక ఆకు మీద చి.ల.సౌ. ఉన్నది, పేరు లేదు.
ఒకదాని మీద "బంధుమిత్రుల అభి" దాకనే.
ఒకదాని నడిమి ఈనె మీద సక్కగ
"విందు రాత్రి 7 గం.లకు."
ఎవరి విందో,
వడ్డించి, తిని, ఆకులెత్తి ఎన్నాళ్లయిందో.
ఉర్దూది ఒకటి, నాకు చదువరాదు,
అయినా అక్షరాలు తీగలెక్క పాకినయి దానిమీద.
"రాతలున్నయి బోర్లేసి అంటియ్యాల్నా?"
"ఉండనియ్యి బిడ్డా."

నిద్రపోయింది గోళ్ల సందుల గోందు ఆరకముందే.
దుప్పటి మీద, దాని జుట్టుల, బియ్యం డబ్బా మీద
ఎర్రటి తునకలు.
ఊడ్వ బుద్ధి కాలే.

పొద్దున లెక్కపెడితే ఇరవై ఒకటి.
ఎక్కువదాన్ని నా జేబుల పెట్టి
బడికి ఉరికింది.

దసరా నాడు అందరికి జమ్మి పంచుకుంట
బంగారం తీస్కో భాయ్ అని జేబుల చెయ్యి పెడితే
ముందుగాల ఆ కాగితపాకు వచ్చింది.
ఖదీర్ భాయ్ ట్యూబ్‌లైట్‌కు ఎత్తి పట్టి చూసిండు.
"తష్రీఫ్... అని ఉన్నది. తర్వాతది కోసేసినవ్."
ఇంకా చూసి,
"కటింగ్ వంకర పోయింది" అన్నడు.

అని, జేబుల పెట్టుకున్నడు.